కూడంకుళం తొట్టెల్లో చల్లారుతున్నది
కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కార్ఖానాలకూ, విరుదునగర్ నల్లరేగడిలో ఇంట్లో తెలుగే మాట్లాడుకునే రైతులకూ తమిళనాడులోని కూడంకుళం అణు విద్యుత్ కేంద్రం కరెంటు కావాలి; అందులో నాకు పేచీ లేదు. ఇంధనం రష్యాది, తనిఖీ అంతర్జాతీయ అణుశక్తి సంస్థది. సహకారమంటే అలాగే ఉండాలి. పేచీ అంతా వాడేసిన ఇంధనం దగ్గరే. 1988లో రాజీవ్ గాంధీ, గోర్బచేవ్ కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం అది సోవియట్ దేశానికే తిరిగి వెళ్లాలి. 1998 అనుబంధ ఒప్పందం తర్వాత మన దగ్గరే ఉండిపోతోంది. అది వ్యర్థం కాదు, శుద్ధి చేస్తే ప్లుటోనియం వస్తుంది, సంపద అంటారు అణుశక్తి అధికారులు. నిజమే. కానీ ఆ సంపదను ముందు ఏళ్ల తరబడి నీటి తొట్టెల్లో చల్లార్చాలి. రియాక్టర్లకు విడిగా నిల్వ కేంద్రం ఐదేళ్లలో వస్తుందన్న మాట 2013 సుప్రీంకోర్టు తీర్పులోకెక్కింది. 2018లో ఆ గడువు కాస్తా 2022కి జరిగింది. ఇదంతా నిపుణుల వ్యవహారం, ఊళ్లవాళ్లకెందుకనే వాళ్లున్నారు. బాణసంచా షెడ్డులో ఎంతమంది కూర్చోవాలో, ఎంత మందు ఉంచాలో నిబంధనగా తెలిసిన జిల్లా విరుదునగర్. దానికి ప్రమాదం లెక్కలు కొత్తగా నేర్పక్కర్లేదు. ఏ తొట్టెలో ఎంతుందో, ఎప్పుడు కదులుతుందో ఏటా తమిళంలో చెప్పమనడం గొంతెమ్మ కోరికేం కాదు. మరో నాలుగు రియాక్టర్లు కడుతున్నారు కనుక, రష్యాతో రాసుకునే తర్వాతి కాగితంలోనే ఆ షరతు పెట్టొచ్చు.