ధ్రువాల కబురు పాలమూరుకూ కావాలి

పాలమూరు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే నేను, సముద్రమట్టం పాఠాన్ని షాద్‌నగర్ నుంచే మొదలుపెడతాను. ఉమ్మడి పాలమూరు జిల్లాలోని ఆ ఊరి దగ్గరున్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రానికి (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) 2013 నుంచి అంటార్కిటికాలోని భారతి స్థావరం ఉపగ్రహ సమాచారం పంపుతోంది. సముద్రమట్టాన్నీ ఉపగ్రహాలతో కొలవొచ్చు. అదే ఏడాది ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి ఎగిరిన భారత్-ఫ్రాన్స్ ఉపగ్రహం ‘సరళ్’, రాడార్ తరంగం వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని బట్టి సముద్రమట్టం కొలిచింది. ధ్రువాల దగ్గర ఆ పని కష్టం. సముద్రాన్ని కప్పిన మంచు పగుళ్లలో కనిపించే నీటి నుంచే మట్టం పట్టుకోవాలి. పైగా 81.5 డిగ్రీల అక్షాంశం దాటితే సరళ్ చూపు ఆనలేదు.

సముద్రం లేని మనకెందుకు అనొద్దు. మన వలస కూలీలు ముంబై తీరంలో బతుకుతున్నారు. అంటార్కిటికా నేలమీది మంచు కరిగితే ఆ తీరానికీ ముప్పే. ధ్రువాలకు మరింత దగ్గరగా తిరిగే మన సొంత ఉపగ్రహాన్ని ప్రభుత్వం వెంటనే తలపెట్టాలి.