జీతం బాధ్యత ఎవరిది? – ఏజెన్సీ కార్మికులు, కొత్త చట్టాలు

ముళబాగిలు అంటే తూర్పు వాకిలి. ఈ వాకిలిని ఆనుకొని ఉన్న నంగలి వంటి సరిహద్దు పల్లెల యువత నేడు అదే రహదారిపై పడమరకు, కోలారు దాటి నరసాపుర పారిశ్రామిక వాడకు పనికి పోతోంది. 2001 ఫిబ్రవరి 28న కె.జి.ఎఫ్. బంగారు గనులు మూతపడిన తరువాత జిల్లాలో నెల జీతానికి ఆశపడేవారికి ఇటువంటి కర్మాగారాలే దిక్కయ్యాయి. అయితే పని చేయించుకొనేది ఒకరు, జీతపు చీటీ ఇచ్చేది మరొకరు.

ఈ ఏర్పాటు ఎంతటి అనర్థానికి దారి తీయగలదో 2020 డిసెంబరు 12న నరసాపుర విస్ట్రాన్ కర్మాగారంలో దేశమంతా చూసింది. ఐఫోన్లు తయారుచేసే ఆ కర్మాగారంలో స్వల్పకాలంలోనే సిబ్బంది 5,000 నుంచి 10,500కు పెరిగారు. వారిలో అత్యధికులు ఏజెన్సీల ద్వారా చేరినవారే. అక్టోబరులో ఎనిమిది గంటల షిఫ్టు పన్నెండు గంటలైంది. హాజరు లెక్కలు తప్పాయి, జీతాలు తగ్గి వచ్చాయి. చివరకు విధ్వంసం, వందకు పైగా అరెస్టులు! కొందరికి జీతాలు సరిగా, సకాలంలో అందలేదని వారం రోజుల తరువాత సంస్థ అంగీకరించి క్షమాపణ చెప్పింది. 2023లో ఆ కర్మాగారం టాటాల చేతికి వచ్చింది.

విధ్వంసాన్ని ఎవరూ సమర్థించరు. కాని ఒక్కటి గమనించాలి. గుత్తేదారు జీతం ఇవ్వకుంటే ప్రధాన యజమానే ఇవ్వాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం అప్పటికే విస్పష్టంగా చెప్పింది. చట్టం ఉంది, అడిగే చోటే దొరకలేదు.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చి ఆ చట్టం స్థానాన్ని ఆక్రమించాయి. పూర్వం 20 మంది గుత్త కార్మికులుంటే వర్తించిన నిబంధనలు ఇకపై 50 మంది ఉంటేనే వర్తిస్తాయి. నలభై మందిని పెట్టుకొన్న చిన్న ఏజెన్సీకి లైసెన్సు బాధ తప్పింది. కార్మికుల పక్షాన చూస్తే ఇది వెనుకడుగే. ముఖ్య ఉత్పత్తి పనికి గుత్త కార్మికులు కూడదన్నారు. మళ్లీ, పని హఠాత్తుగా పెరిగితే పరవాలేదన్నారు. నరసాపురలో జరిగిందీ హఠాత్తు పెరుగుదలే కదా!

మేలు లేకపోలేదు. వేతన స్మృతికి ఈ 50 మంది లెక్క లేదు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా, పని మానితే రెండు పనిదినాలలోగా బకాయి చెల్లించాలి. ఏజెన్సీ ఎగవేస్తే పని చేయించుకొన్న సంస్థ యజమానిదే బాధ్యత. నియామక పత్రం తప్పనిసరి. సంస్థే నేరుగా నిర్ణీత కాలానికి తీసుకొంటే, పర్మినెంటు వారితో సమాన వేతనంతో పాటు ఏడాది సేవకే గ్రాట్యుటీ లభిస్తుంది. అయితే గడువు ముగిసిన నాడు ఆ కొలువూ ముగుస్తుంది.

అందుచేత బిడ్డను పనికి పంపే ఇల్లు ముందుగా చూడవలసింది ఆ పత్రంపై ఎవరి పేరు ఉన్నదని. అది కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటే చదివించుకోవాలి. హాజరు, ఓవర్‌టైము గంటలు సొంత పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. బకాయి జీతానికి దరఖాస్తు చేసుకొనే గడువు పాత వేతన చెల్లింపు చట్టంలో ఏడాదే. ఇప్పుడది మూడేళ్లు.