బుడమేరు ముంపు: లెక్కలోకి రాని నష్టమెంత?

వరద తీసిన తర్వాత వేసే నష్టపు అంచనాలో రోడ్లు, కట్టలు, కరెంటు స్తంభాలు ముందుంటాయి. తడిసిన బియ్యపు బస్తా, ఇంజనులోకి నీరెక్కి మూలపడిన ఆటో వెనుకబడతాయి. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు ముంచెత్తినప్పుడు జరిగింది ఇదే. ఆ వరదలపై రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి నివేదించిన ప్రాథమిక అంచనా రాష్ట్రమంతటికీ కలిపి సుమారు 6,880 కోట్ల రూపాయలు. అందులో రోడ్లు భవనాల శాఖది 2,164 కోట్లు, జలవనరుల శాఖది 1,568 కోట్లు, పురపాలక శాఖది 1,160 కోట్లు. ఈ మూడు పద్దులే పదింట ఏడు వంతులు. శాఖలు తమ ఆస్తులకు తాము లెక్క చెప్పుకోగలవు. సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ వాసులు పోగొట్టుకున్న కూలి రోజులకు ఏ శాఖ లెక్క చెబుతుంది?

ఇళ్లను ప్రభుత్వం పట్టించుకోలేదని కాదు. కింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుకు 10,000, కిరాణా వంటి చిన్న దుకాణానికి 25,000, ఆటోకు 10,000, ద్విచక్ర వాహనానికి 3,000 చొప్పున ప్రకటించింది. ఆపదలో ఇలాంటి ఒకే రేటు అవసరమే. ఒక్కొక్క ఇంట్లో సామాను వెల కట్టుకుంటూ కూర్చుంటే సాయం అందేసరికి సంక్రాంతి వస్తుంది. చిక్కల్లా సాయపు రేటునే నష్టపు కొలతగా భావించడంలో ఉన్నది. మోకాలి లోతు నీరు ఒక పూట నిలిచిన ఇల్లు, నిలువెత్తు నీటిలో వారం నానిన ఇల్లు ఆ జాబితాలో ఒకే వరుసలో ఉంటాయి.

పోయిన రాబడి సంగతి మరీ అన్యాయం. ఆ ముంపు వినాయక చవితికి వారం ముందు, దసరాకు నెలన్నర ముందు వచ్చింది. కుట్టుపని చేసేవారికి ఏడాదిలో నాలుగు డబ్బులు కనబడే రోజులవి. మిషను బాగుచేయించుకునే ఖర్చు ఒకటి, బురదపట్టిన ఖాతాదారుల గుడ్డలకు చెప్పుకోవలసిన సమాధానం మరొకటి, పండుగ బేరం పోవడం ఇంకొకటి. జాబితాకు ఎక్కగలిగేది మొదటిది మాత్రమే. ఆటో తిరగకపోయినా ఫైనాన్సు వాయిదా ఆగదు. బీమా ఉన్నదనుకుంటే, థర్డ్ పార్టీ బీమా మాత్రమే కట్టినవారికి సొంత బండి నష్టం రాదు. ఆ సంగతి చాలామందికి బండి మునిగాకనే తెలుస్తుంది.

నష్టం తగ్గాలంటే నీరు వచ్చిన దారి చూడాలి. అది నగరంలో కురిసిన వాన ఒక్కటే కాదు. ఎగువ మైలవరం వైపు వాన నీరు బుడమేరులో పడి, దానిని కృష్ణకు మళ్లించే కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు కొట్టింది. సైన్యం సాయంతో సెప్టెంబరు 7న గాని ఆ గండ్లు పూడలేదు. ఆ మళ్లింపు కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. సెప్టెంబరు 2న బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహం నమోదైంది. నది నిండుగా ఉంటే కాలువ నీరు ఎక్కడికి పోతుంది? కొల్లేరు వైపు సాగే పాత ఏరు చూస్తే నగరంలో ఆక్రమణలతో, పూడికతో చిక్కిపోయింది.

అదే వరదలో నగరానికి మరో అనుభవమూ ఉన్నది. 2009లో నీట మునిగిన కృష్ణలంక, అంతకంటె పెద్ద ప్రవాహం వచ్చిన 2024లో రక్షణ గోడ పుణ్యమా అని చాలావరకు బయటపడింది. ఆ గోడ వల్ల తప్పిన నష్టమెంతో ఏ పద్దులోనూ కనబడదు. గోడకు, కాలువ వెడల్పుకు నిధులడిగినప్పుడు ఖర్చు కోట్లలో కళ్లకు కడుతుంది, మిగిలేది మాత్రం ఎవరికీ కనబడదు. ఏళ్ల తరబడి పనులు వాయిదా పడడానికి ఇదొక ముఖ్య కారణం.

పెద్ద పనులు పూర్తయ్యేలోగా చేయదగినవీ ఉన్నాయి. మునిగే వీధుల్లో కరెంటు మీటరును, నీటి మోటారును ఎత్తున బిగించాలి. డ్రెయిన్ల పూడిక తీసి గట్టునే వదిలితే మొదటి వానకే తిరిగి అందులో పడుతుంది, కనుక అదే రోజు తరలించాలి. అన్నిటికంటె చవకైనది ముందస్తు హెచ్చరిక. రెండు గంటల వ్యవధి దొరికితే ఆటో ఫ్లైఓవరు ఎక్కుతుంది, ధ్రువపత్రాలు, సర్టిఫికెట్లు మేడమీదికి చేరతాయి. 2024లో ఆదివారం నిద్ర లేచేసరికి వాకిట్లో నీరు చూసిన కుటుంబాలకు ఆ వ్యవధి దొరకలేదు.

గోడలకు సున్నం కొట్టేస్తే నీటి చార పోతుంది. నాడు ఎన్యూమరేటర్లు తయారుచేసిన ఇంటింటి జాబితా ఎలాగూ ఉన్నది. ఎన్ని అడుగులు, ఎన్ని రోజులు అనే రెండు గడులు దానికి చేర్చి, చార మిగిలిన చోట కొలిచి, మిగలని చోట ఇంటివారిని అడిగి నింపడం నగరపాలక సంస్థకు పెద్ద ఖర్చు కాదు. ఏ వీధికి ఏ డ్రెయిను, ఏ కట్ట ముందు కావాలో తేల్చడానికి ఆ రెండు అంకెలు లేనిదే వీలు పడదు.