వీగన్ ముద్ర లేని సంత, గుడ్డు లేని పళ్లెం

పెద్ద నగరాల్లో ఆదివారం పూట పిల్లలను వీగన్, సేంద్రియ ఆహార సంతలకు తీసుకెళ్లడం ఈమధ్య అలవాటుగా మారింది. బాదం పాలు, జీడిపప్పుతో చేసిన పనీరు, చిరుధాన్యాల బిస్కట్లు, గుడ్డ సంచులు. తిండి ఎక్కడి నుంచి వస్తుందో పిల్లలకు తెలియాలన్న తల్లిదండ్రుల తాపత్రయాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ పాఠం చెప్పడానికి కొత్త సంత అక్కర్లేని ఊళ్లు చాలానే ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ వాటిలో ఒకటి.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన రైల్వే పట్నం ఇది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. రైల్వే కాలనీ వాసుల బజారు పేరే బుధవారీ. చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ వారానికో రోజు సంత జరుగుతుంది. ఎర్ర తోటకూర, మునగాకు, శనగ ఆకు, వానాకాలంలో అడవి పుట్టగొడుగులు, ఎండబెట్టిన ఇప్పపువ్వు, సారపప్పు, చింతపండు అక్కడ నేల మీద పరిచి అమ్ముతారు. ఛత్తీస్‌గఢీలు ఆకుకూరలన్నిటినీ భాజీ అంటారు. ముప్ఫై ఆరు రకాలున్నాయని గొప్పగా చెప్పుకుంటారు. వాళ్ల బోరే బాసీ మన చద్దన్నానికి తోబుట్టువే. అమ్మే మనిషి చాలాసార్లు పండించిన మనిషే, లేదంటే అడవిలో ఏరుకొచ్చిన మనిషి. పిల్లవాడు అడిగితే ఆ ఆకు పేరు, అది దొరికే కాలం, వండే తీరు ఆమె చెప్పగలదు. ప్యాకెట్ మీది ఆకుపచ్చ గుర్తు అంత చెప్పలేదు.

అలాగని ఈ సంతను వీగన్ సంత అనడానికి వీల్లేదు. నాలుగడుగుల అవతల ఎండుచేపలు, నాటుకోళ్లు ఉంటాయి. ఆ రెండింటినీ పిల్లలు ఒకేచోట చూడటమే మేలు.

ఊరికి ఒక చివర ఉన్న కోనిలో 1983లో ఏర్పడి, 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థకు గురు ఘాసీదాస్ పేరు పెట్టారు. 1756లో పుట్టిన ఈ సత్నామ్ పంథ్ గురువు మాంసం, మద్యం మానమన్నాడు. ఆవులను నాగలికి కట్టొద్దని, మిట్టమధ్యాహ్నం దాటాక దున్నొద్దని కూడా చెప్పాడు. వీగన్ అనే మాట పుట్టింది 1944లో, ఇంగ్లండులో. అంతకు వందేళ్ల పైచిలుకు ముందే ఇక్కడ జంతువు శ్రమ గురించి ఒక నియమం ఉంది. అదీ కులం పేరిట అవమానాలు పడిన జనం తమ ఆత్మగౌరవం కోసం తమకు తామే పెట్టుకున్న నియమం. ఎవరో పై నుంచి విధించింది కాదు. ఈ తేడా ముఖ్యం.

ఎందుకంటే ఇదే రాష్ట్రంలో 2019లో బడి భోజనంలో గుడ్డు పెట్టాలన్న నిర్ణయం మీద పెద్ద గొడవ జరిగింది. కబీర్‌పంథీలు అభ్యంతరం చెప్పారు, ప్రతిపక్షం గొంతు కలిపింది. చివరికి ప్రభుత్వం మధ్యేమార్గం పట్టింది. వద్దన్న చోట బడిలో వండొద్దని, కావాలన్న పిల్లల ఇళ్లకు గుడ్లు పంపాలని, లేదంటే సోయా పాల వంటివి ఇవ్వాలని చెప్పింది. సోయాలో మాంసకృత్తులకు కొదవలేదు. కానీ విడిగా కలిపితే తప్ప బి12 విటమిన్ అందులో ఉండదు. మొక్కల నుంచి వచ్చే ఏ ఆహారంలోనూ నమ్మకంగా ఆధారపడేంత ఉండదు.

మధ్యాహ్న భోజనానికి కేంద్రం పెట్టిన కొలతలు చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ప్రాథమిక పాఠశాల పిల్లకు రోజుకు ధాన్యం 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50, నూనె 5 గ్రాములు. పాలు లేవు, గుడ్డు లేదు. అవి ఆయా రాష్ట్రాల ఇష్టం. అంటే ఎవరూ ఆ పేరు పెట్టకపోయినా, దేశంలో అతి పెద్ద వీగన్ భోజనశాల సర్కారు బడే. నగరంలోని వీగన్ తల్లి బి12 మాత్ర కొంటుంది, డాక్టరును అడుగుతుంది. బడి పిల్లకు ఆ వెసులుబాటు లేదు, ఎంచుకునే అవకాశమూ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఛత్తీస్‌గఢ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల్లో 34.6 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 67.2 శాతం మందికి రక్తహీనత. తెలంగాణలో ఇవి 33.1, 70. మనం వేలెత్తి చూపే స్థితిలో ఏమీ లేము.

మరోవైపు, సుస్థిరత అన్న మాటను పండించేవాడి వైపు నుంచి కూడా చూడాలి. ఛత్తీస్‌గఢ్‌లో కోదో, కుట్కీ అనే అరికెలు, సామలకు కేంద్రం మద్దతు ధర ప్రకటించదు. రాష్ట్రమే 2021లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి, క్వింటాలుకు 3,000 రూపాయలు లెక్కగట్టి కొనడానికి ముందుకొచ్చింది. నగరంలో కిలో సంచి మీద రాసే ధర పక్కన ఈ కిలోకు ముప్ఫై రూపాయలను పెట్టి చూస్తే పిల్లలకు లెక్కల పాఠం కూడా అవుతుంది.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఏటా సంక్రాంతికి మొదలుపెట్టే పాత పంటల జాతర ఈ విషయంలో వేరే దారి చూపించింది. ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి. విత్తనం దాచిన ఆడవాళ్లే అక్కడ మాట్లాడతారు. ఎద్దు లేకపోతే ఆ జాతర లేదు, పెంట ఎరువు లేకపోతే ఆ చేను లేదు. కచ్చితమైన వీగన్ లెక్కలో ఇది చెల్లకపోవచ్చు. కానీ వానాధారపు నేలలో ఎరువుల బస్తా కొనకుండా పంట తీయడానికి వాళ్లకు తెలిసిన పద్ధతి అదే.

ఆంధ్రప్రదేశ్ బడుల్లో వారానికి అయిదు గుడ్లు, పల్లీల చిక్కీ ఇస్తున్నారు. 2023 మార్చిలో రాగి జావ కూడా చేరింది. ప్రభుత్వం మారాక 2024లో పథకం పేరు డొక్కా సీతమ్మ పేరిట మారింది గాని గుడ్డు పోలేదు. తినని పిల్లలు తినడం లేదు, తినేవాళ్లకు దొరుకుతోంది. రాగి జావ పక్కన గుడ్డు ఉన్నందుకు అక్కడ ఎవరి ఆచారమూ చెడలేదు.