చేతితో చేసిన శుభాకాంక్ష

పండుగనాడు ఆత్మీయులకు శుభాకాంక్షలు తెలుపుట మంచి ఆచారము. నేడది మిక్కిలి సులభమైన పని. అంగడిలో అందమైన కార్డులు దొరకును. సెల్‌ఫోనులో ఒక్కమారు నొక్కినచో ఒకే సందేశము నూఱుమందికి చేరును. ఇట్టి కాలములో రంగులు, కత్తెర, కాగితము ముందుంచుకొని, ఒక్కరి కొఱకు ఒక్క కార్డును చేయుట వృథాశ్రమ యని కొందఱందురు. అది వృథాశ్రమ కాదని నా యభిప్రాయము.

అచ్చుకార్డు ఎట్లు పుట్టినదో తెలిసికొన్నచో ఈ విషయము స్పష్టమగును. 1840లో ఇంగ్లండున తపాలా సంస్కరణ జరిగెను. అర ఔన్సు బరువు మించని ఉత్తరమును ఒక్క పెన్నీకే దేశమున ఎంత దూరమైనను పంపు వీలు కలిగెను. ఆ సంస్కరణకు తోడ్పడిన హెన్రీ కోల్ అను అధికారికి, క్రిస్మస్ సమయమున మిత్రులందఱికి వేఱువేఱుగా ఉత్తరములు వ్రాయుటకు తీరిక లేకపోయెను. అందుచే 1843లో ఆయన జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అను చిత్రకారునిచే బొమ్మ వేయించి, సుమారు వేయి ప్రతులు ముద్రింపించెను. ఒక్కొక్క ప్రతి వెల ఒక షిల్లింగు. అనగా అచ్చుకార్డు తీరిక లేమి నుండి పుట్టినది. తీరిక లేనివారు దానిని వాడుట తప్పు కాదు. కాని తీరిక యుండియు ఆ మార్గమునే పట్టువారు ఒక గొప్ప ఆనందమును పోగొట్టుకొనుచున్నారు.

ఉగాదికి ఊరిలో ఒంటరిగా నున్న అమ్మమ్మకు కార్డు చేయదలచితి మనుకొందము. దళసరి కాగితమును నడుమకు మడువవలెను. మామిడి ఆకునకు వెనుకవైపున ఈనెలు తేలియుండును. అచ్చట పలుచగా రంగు పూసి ఒత్తినచో, ఈనెలతో సహా ఆకు అచ్చు పడును. బెండకాయను అడ్డముగా కోసి, జిగురును గుడ్డతో అద్ది, రంగులో తాకించి ఒత్తినచో చిన్న పువ్వు ఏర్పడును. బంగాళాదుంపను రెండుగా కోసి అక్షరములను ఉబ్బెత్తుగా చెక్కవచ్చును. అయితే అవి అద్దములో కనబడునట్లు త్రిప్పి చెక్కవలెను. రంగు నీళ్లగా నున్నచో చెదరును. మిక్కిలి చిక్కనైనచో గీతల నడుమ నిండి రూపము చెడును. కావున ముందుగా చిత్తుకాగితముపై ఒత్తి చూచుకొనవలెను.

కార్ఖానాలలో పదునైన అంచుగల ఉక్కు అచ్చును యంత్రముతో నొక్కి, కాగితమును కావలసిన ఆకారములో కోయుదురు. మనకు కత్తెర చాలును. రంగుకాగితమును మడిచి, మడత వైపున సగము కలశము ఆకారమును కోసి విప్పినచో, రెండు ప్రక్కలు సమానముగా నున్న నిండుకలశము వచ్చును. దానిని కార్డుపై అంటించినచో పని ముగియును.

ఇందుకు ఒక గంట పట్టవచ్చును. ఆ గంటసేపు మనము అమ్మమ్మనే తలచుచుందుము. ఆమెకు ఏ రంగు ఇష్టము? చూపు మందగించిన ఆమె చదువుటకు అక్షరములెంత పెద్దవిగా నుండవలెను? నూఱుమందికి ఒకేమారు పంపు సందేశము ఈ ప్రశ్నలను అడుగదు.

“మా చేతికి నేర్పు లేదు, కార్డు వంకరగా నుండును” అని మీరు సంకోచింపవచ్చును. కృష్ణాజిల్లాలోని పెడనలో కలంకారీ పనివారు టేకుచెక్కపై చెక్కిన అచ్చులతో వస్త్రములపై నేటికిని అద్దకము చేయుచున్నారు. ఎంత నిపుణులు ఒత్తినను, అచ్చునకు అచ్చునకు నడుమ వెండ్రుకవాసి తేడా అక్కడక్కడ కనబడుచుండును. ఎఱిగినవారు దానిని లోపముగా భావింపరు. మనుష్యుని చేతికి గుర్తుగా నెంచుదురు. మీ కార్డులోని వంకరను అమ్మమ్మయు అట్లే చూచును.

విద్యార్థులారా! అందఱికి ఇట్టి కార్డులు చేయుట సాధ్యము కాదు, అక్కఱయు లేదు. ఏడాదికి ఒక్క పండుగనాడు, మిమ్ము ప్రేమించు ఒక్కరికైనను చేసి పంపుడు. వెలగల కానుకలు కొనుటకు ధనము లేకపోవచ్చును. కాని మీ కాలములో ఒక గంటను ఒకరికి అర్పించుటకు ఎవ్వరును పేదవారు కారు.