పాండిచ్చేరిని ఫ్రెంచివాళ్లొక్కరే కట్టలేదు

"పాండిచ్చేరి అంటే మన దేశంలో చిన్న ఫ్రాన్సు" అని యాత్రా కథనాలు రాసేవాళ్లు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. సముద్రం ఒడ్డున పసుప్పచ్చ గోడలు కనిపించగానే అవి పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి గవర్నరు డూప్లే కాలం నాటివని తేల్చేస్తున్నారు కూడా. ఈ రెండు మాటలూ తప్పే.

డూప్లే తిరిగిన తెల్లవాళ్ల పేట ఇప్పుడు లేదు. 1761 జనవరిలో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. కోటనూ మేడలనూ వాళ్లు నేలమట్టం చేశారు. 1765లో ఊరు తిరిగి ఫ్రెంచివాళ్ల చేతికి వచ్చాక, పాత వీధుల వెంబడే మళ్లీ కట్టుకొచ్చారు. పోనీ, ఆ నిలువూ అడ్డం వీధుల పథకమైనా వాళ్లదా? 1693 నుంచి 1699 దాకా ఊరిని ఏలిన డచ్చివాళ్లు గీసింది అది.

ఆ విధ్వంసాన్ని తట్టుకుని నిలిచిన ఇల్లు తెల్లవాళ్ల పేటను వేరుచేసే కాలువకు పడమరన, తమిళుల పేటలో ఉంది. డూప్లే దగ్గర దుబాసీగా చేసిన ఆనందరంగ పిళ్లై 1738లో కట్టించుకున్న ఇల్లది. కింద చెక్కడపు కొయ్యస్తంభాల మండువా, పైన ఐరోపా ఫక్కీలో తెల్లటి స్తంభాలు. కస్తూరి రంగకవి 'ఆనందరంగరాట్ఛందము' అంకితమిచ్చింది ఈ పిళ్లైకే. తెలుగు ఛందస్సు చదువుకున్నవాళ్లకు ఆయన పరాయివాడేమీ కాడు.

ఇక ఫ్రెంచి పేటలోని మేడల సంగతి. ఏ పాత మేడలోకైనా వెళ్లి ఒకసారి తలెత్తి చూడండి. టేకు దూలాలు, వాటి మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చిన పలచటి ఇటుకలు, సందుల్లో సున్నం. ఆ పైన ఇటుకముక్కలూ సున్నమూ కలిపి దిమ్మిస కొట్టి బిళ్లలు పరుస్తారు. దీన్ని మద్రాసు టెర్రస్ అంటారు. ఇది ఈ తీరపు మేస్త్రీల పనితనం. కమాను కిటికీలు, ఎత్తయిన ప్రహరీ గేట్లు ఫ్రెంచివాళ్ల అభిరుచే, కాదనను. కానీ ఆ అభిరుచిని ఈ ఎండకూ వానకూ నిలబెట్టిన చేతుల్ని లెక్కలోంచి తీసేయడం అన్యాయం.

ఇదంతా ఘనత పంపకం గురించిన తగాదా కాదు. దేన్ని వారసత్వం అంటామో దాన్నే కాపాడుకుంటాం. 2014 నవంబరు వానలకు ఫ్రెంచి కాలపు పురపాలక కార్యాలయం మేరీ భవనం కూలిపోతే పాత రూపంలోనే మళ్లీ కట్టారు. మంచి పని. కాలువ అవతల అరుగుల ఇళ్లు ఒక్కొక్కటే పోయి వాటి చోట కాంక్రీటు లేస్తుంటే అంత కలవరం ఏదీ? కాపాడటం చేతకాక కాదు. వైశ్యాళ్ వీధిలో పాత ఇళ్ల ముఖాలను వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ బాగు చేయించింది, ఆ పనికి 2008లో యునెస్కో పురస్కారం వచ్చింది.

పాండిచ్చేరి మీద ఇకముందు రాయబోయేవాళ్లు బీచి రోడ్డు దగ్గరే ఆగిపోకండి. కాలువ దాటి పడమటి వీధులు కూడా నడిచి చూసి రాయండి.