మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల ఆహారంలో కొవ్వులపై తెలుగులో మార్గదర్శకాలు కోరుతూ వినతిపత్రం

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి,
జాతీయ పోషకాహార సంస్థ, తార్నాక, హైదరాబాద్.



మేము జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్, కృష్ణానగర్‌లలో ఉంటూ సినిమా పనులు చేసుకునే కుటుంబాలవాళ్లం. మా ఇళ్లలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవారున్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ వ్యాధిని గుర్తించింది. మందు డాక్టరు రాస్తారు. ఏం తినాలన్నదానికి మాత్రం తలా ఒక జవాబు. ఈ వ్యాధిలో దెబ్బతినే నరాల తొడుగైన మయలిన్‌లో ఎక్కువ భాగం కొవ్వే కాబట్టి నెయ్యి దండిగా వేసుకోమంటారు ఇంటి పెద్దలు. నూనె చుక్క కూడా వద్దంటారు ఇంకొకరు. పథ్యాన్ని నమ్మి ఇంజెక్షన్లు మానేసినవారినీ చూశాం. ఆ భయమే మాచేత ఈ పత్రం రాయిస్తోంది.

రాయ్ స్వాంక్ అనే నరాల వైద్యుడు 1940ల చివర మాంట్రియల్‌లో రోగులకు సంతృప్త కొవ్వు తగ్గించిన ఆహారం మొదలుపెట్టారు. 34 ఏళ్ల ఫలితాలు 1990లో లాన్సెట్‌లో వచ్చాయి: రోజుకు 20 గ్రాములకు మించకుండా కొవ్వు తిన్నవారు మెరుగ్గా ఉన్నారని. అయితే పోల్చి చూసేందుకు మామూలు ఆహారం తినే మరో జట్టును ఆయన పెట్టుకోలేదు. 2018లో వెలువడిన అమెరికా అధ్యయనంలో సంతృప్త కొవ్వు ఎక్కువగా తిన్న పిల్లలకు వ్యాధి తిరగబెట్టే ముప్పు ఎక్కువగా కనిపించింది. ఒమేగా-3 క్యాప్సూల్స్‌తో నార్వేలో చేసిన పరీక్ష 2012లో ప్రయోజనం చూపలేదు. ఆహారంపై గట్టిగా చెప్పడానికి ఆధారాలు చాలవని 2020 నాటి కొక్రేన్ సమీక్ష తేల్చింది. ఇందులో ఆశ ఎంతో, హద్దు ఎక్కడో మా భాషలో మాకు చెప్పాలి.

కనుక కోరుతున్నాం:

మొదటిది, చెంచాల లెక్కలో ఒక తెలుగు కరపత్రం. నెయ్యి కొవ్వులో 60 శాతానికి పైగా, పామాయిల్‌లో దాదాపు సగం, వేరుశనగ నూనెలో సుమారు ఐదో వంతు సంతృప్తమైనదే. 2017లో మీరు ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికల్లో కొవ్వు ఆమ్లాల వివరాలన్నీ ఉన్నాయి. వాటిని పోపు గరిటె కొలతకు దించడం మాకు చేతకాదు. అవిసె పొడి ఎంత, కొర్రమీను వారానికి ఎన్నిసార్లు, ఆవకాయ మీద తేలే నూనె సంగతేమిటి, ఇవీ మా ప్రశ్నలు.

రెండవది, పథ్యం మందుకు బదులు కాదన్న మాట ఆ కరపత్రం మొదటి పుటలోనే ఉండాలి.

మూడవది, నిమ్స్ ఆసుపత్రి నరాల విభాగంతో కలిసి మన తిండిపై అధ్యయనం. ఇప్పటిదాకా లెక్కకొచ్చినవి ఎక్కువగా పరాయి దేశాల వంటిళ్లు. డాక్టర్ గఫూరున్నీసా వంటివారు భారతీయుల కొవ్వు అవసరాలపై ఏళ్ల తరబడి పనిచేసిన సంస్థ మీది. ఇది మిమ్మల్ని కాక ఎవరిని అడగగలం?

చివరిది, షూటింగ్ భోజనం. తెల్లవారుజాము కాల్షీటుకు వెళ్లినవారికి పూరీ, వడ తప్ప గతిలేని రోజులుంటాయి. ఇడ్లీ, పప్పు, ఆవిరి కూరలతో ఒక నమూనా మెనూ ఇస్తే, దాన్ని తెలుగు ఫిల్మ్ చాంబర్‌కు మేమే అందజేస్తాం.

రెండు నెలల్లోగా లిఖితపూర్వక జవాబు ఇవ్వవలసిందిగా ప్రార్థన. మాట్లాడటానికి పిలిస్తే తార్నాక వస్తాం. మాలో చక్రాల కుర్చీ వాడేవారున్నారు, కింది అంతస్తులో సమయమివ్వగలరు.

ఇట్లు,
మల్టిపుల్ స్క్లెరోసిస్‌తో జీవిస్తున్నవారు, వారి కుటుంబ సభ్యులు
జూబ్లీ హిల్స్, హైదరాబాద్